అమెరికాలో ఇల్లు కొనే పిల్లల్ని ఆయిల్ ట్యాంకు సంగతి అడగండి

సంపాదకులు గారికి నమస్కారాలు.

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వంటి ఒడిశా సరిహద్దు పట్టణాల్లోని తెలుగు కుటుంబాల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన పిల్లలు ఇప్పుడు సొంత ఇళ్లు కొనుక్కునే వయసుకు వచ్చారు. వారిలో న్యూజెర్సీ, న్యూయార్క్, కనెక్టికట్, మసాచుసెట్స్, పెన్సిల్వేనియా వైపు ఉన్నవాళ్లకు దొరికే ఇళ్లలో చాలావరకు యాభై, అరవై, ఇంకా పైబడిన ఏళ్ల నాటివి. ఇక్కడున్న తల్లిదండ్రులు ఆ ఇల్లు తూర్పు ముఖమా, ఈశాన్యంలో ఏముంది, బడి ఎంత దూరం, గుడి ఎంత దూరం అని ఫోన్లో ఆరా తీస్తారు. అవసరమైతే ఊళ్లో స్థలం అమ్మి, లేదా పదవీ విరమణప్పుడు వచ్చిన సొమ్ములోంచి తీసి, బ్యాంకు ద్వారా డబ్బు పంపుతారు. అయితే ఆ ఇంటిని వేడి చేయడానికి వాడిన ఆయిల్ ట్యాంకు ఎక్కడుంది, దాని వయసెంత, ఇప్పుడు వాడుకలో లేకపోతే దాన్ని ఏం చేశారు అని అడిగిన తల్లిదండ్రులను నేను ఇంతవరకు చూడలేదు. ఆ ప్రశ్న అడగకపోవడం వల్ల వచ్చే నష్టం చిన్నది కాదు కాబట్టి మీ పత్రిక ద్వారా నలుగురికీ తెలియజేయాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన ప్రాంతంలో ఇంటిని వేడి చేసుకునే అవసరమే లేదు. కొరాపుట్ కొండల మీద కూడా చలికాలంలో కుంపటి ముందు కూర్చుంటే సరిపోతుంది. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో నెలల తరబడి గడ్డకట్టించే చలి ఉంటుంది కనుక ప్రతి ఇంటికీ ఒక ఫర్నేసో బాయిలరో తప్పనిసరి. గ్యాసు పైపులైను చేరని చోట్ల అది హీటింగ్ ఆయిల్‌తో నడుస్తుంది. ఈ ఆయిల్ మన డీజిల్‌కు దగ్గరి చుట్టం; రోడ్డు పన్ను కట్టని సరుకని గుర్తుపట్టడానికి అందులో ఎర్ర రంగు కలుపుతారు. ఆ దేశంలో సుమారు 50 లక్షల ఇళ్లు ఈనాటికీ ప్రధానంగా దీని మీదే ఆధారపడుతున్నాయి, వాటిలో ఐదింట నాలుగు వంతులు ఈశాన్య రాష్ట్రాల్లోనే ఉన్నాయి. అంటే మన పిల్లలు ఎక్కువగా చేరుతున్న చోటనే ఈ ట్యాంకులూ ఎక్కువగా ఉన్నాయి.

బేస్‌మెంటులో, అంటే ఇంటి కింద నేల లోపల ఉండే అంతస్తులో, సాధారణంగా కనిపించే ట్యాంకు 275 గ్యాలన్లది, మన లెక్కలో 1,040 లీటర్లు. మన దేశంలో 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్, కిరోసిన్ తరగతి నూనెను లైసెన్సు లేకుండా ఉంచుకోవాలంటే మొత్తం 2,500 లీటర్లు మించకూడదు, ఏ ఒక్క పాత్రా 1,000 లీటర్లకు మించి ఉండకూడదు. ఇక్కడైతే లైసెన్సు అడిగేంత పెద్ద పాత్ర అక్కడ బట్టలుతికే మెషీను పక్కన, పిల్లలు ఆడుకునే గది కింద ఉంటుంది. నేను దీన్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. హీటింగ్ ఆయిల్ పెట్రోలులా ఒక్క నిప్పురవ్వకు భగ్గుమనే సరుకు కాదు. సవ్యంగా ఉన్న ట్యాంకుతో ఒక తరమంతా నిశ్చింతగా బతికిన కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఇబ్బంది అంతా పాతబడిన ట్యాంకుతోనే, అది పాతబడిన సంగతి బయటికి కనిపించకపోవడంతోనే.

నేను మెకానికల్ ఇంజనీరుగా ఒక కర్మాగారంలో డీజిల్, ఫర్నేస్ ఆయిల్ ట్యాంకుల నిర్వహణ చూసి పదవీ విరమణ చేశాను. పాత ట్యాంకును ఖాళీ చేసి, కడిగి, లోపల ఆవిరి లేదని నిర్ధారించుకున్న తరువాత కోసి చూస్తే ఎప్పుడూ ఒకే తీరు కనిపించేది. పై భాగపు రేకు లోపలివైపు దాదాపు కొత్తగానే ఉంటుంది. అడుగున మాత్రం అరచేతి వెడల్పున, ట్యాంకు పొడవునా, నల్లటి జిగురు మడ్డి పేరుకుని ఉంటుంది. దాన్ని గీకి తీస్తే కింద రేకు నిండా మశూచి మచ్చల్లాంటి గుంటలు, వాటిలో ఒకటో రెండో అవతలి వెలుతురు కనిపించేంత లోతుకు దిగినవి. ఇది ఎలా జరుగుతుందంటే, ట్యాంకులో ఆయిల్ తగ్గినప్పుడల్లా లోపలికి చేరిన గాలిలోని తేమ చల్లటి రేకు మీద నీరుగా మారి, ఆయిల్ కన్నా బరువు కనుక జారి అడుగున చేరుతుంది. ఆ నీటికీ ఆయిల్‌కూ మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయి, ఆయిల్‌లోని గంధకం వల్ల ఆమ్లాలు చేరతాయి, ఆ రెండూ కలిసి రేకును లోపలినుంచి తింటాయి. ఇళ్లలో వాడే ట్యాంకు రేకు మందం సాధారణంగా మూడు మిల్లీమీటర్ల లోపే ఉంటుంది. పైన నిగనిగలాడే కొత్త రంగు వేసి ఉన్నా లోపలి అడుగు ఏ స్థితిలో ఉందో దాన్నిబట్టి చెప్పలేం. అల్ట్రాసోనిక్ పరికరంతో అడుగు భాగపు మందాన్ని కొలిస్తే కొంత తెలుస్తుంది. ఆరుబయట పెట్టిన ట్యాంకుకు ఎండ, మంచు వల్ల లోపల తేమ చేరడం మరీ ఎక్కువ కాబట్టి అది ఇంటి లోపలి ట్యాంకు కన్నా త్వరగా పాడవుతుంది.

వీటన్నిటి కన్నా ప్రమాదకరమైనది భూమిలో పాతిపెట్టిన ట్యాంకు. గత శతాబ్దం మధ్య కాలంలో స్థలం కలిసి వస్తుందని, కంటికి కనిపించదని 550 గ్యాలన్ల, 1,000 గ్యాలన్ల ఇనుప ట్యాంకులను పెరట్లోనో, ఇంటి ముందు పచ్చిక కిందో పాతేవారు. 1970ల్లో చమురు ధరలు మండిపోయిన తరువాత చాలామంది గ్యాసుకు మారారు. మారినప్పుడు ట్యాంకును తవ్వి తీయించినవాళ్లు కొందరే. మిగిలినవాళ్లు పైపు విప్పేసి, ట్యాంకును అక్కడే వదిలేశారు, కొందరైతే అడుగున మిగిలిన ఆయిల్‌ను కూడా తోడించలేదు. ఆ తరువాత ఇల్లు చేతులు మారింది, మళ్లీ మారింది, కింద ట్యాంకు ఉందన్న మాట మరుగున పడింది. తడి నేల బయటినుంచి, నీరు, మడ్డి లోపలినుంచి తింటూ ఉంటే ఏదో ఒక రోజు చిల్లి పడుతుంది. కారిన ఆయిల్ మట్టిలోకి ఇంకి, భూగర్భజలం తగిలే దాకా దిగి, నీటి కన్నా తేలిక కనుక దాని మీద తెట్టులా పరుచుకుని, జలం ఎటు కదిలితే అటు పక్కవాళ్ల స్థలంలోకీ వెళుతుంది. బోరుబావి నీళ్లు తాగే ఇళ్ల దగ్గర ఆ నీరు పనికిరాకుండా పోతుంది. ఇంటి పునాదికి దగ్గరగా కారితే ఆవిరి బేస్‌మెంటులోకి చేరి, కిరోసిన్ వాసనతో తలనొప్పి, వాంతులు మొదలవుతాయి.

ఇంత జరిగే అవకాశం ఉన్నప్పుడు అక్కడి ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. పెట్రోలు బంకుల భూగర్భ ట్యాంకులకు 1984లో అమెరికా కేంద్ర చట్టం కఠినమైన నిబంధనలు తెచ్చింది, కానీ ఏ ఇంట్లో నిల్వ ఉందో ఆ ఇంట్లోనే మండించుకునే హీటింగ్ ఆయిల్ ట్యాంకులను ఆ నిబంధనల నుంచి మినహాయించింది. అందువల్ల ఈ విషయం రాష్ట్రాలకు, ఒక్కోచోట ఊరి పురపాలక సంఘానికి వదిలేసినట్టయింది, ఒక రాష్ట్రపు నియమం పక్క రాష్ట్రంలో ఉండదు. హైదరాబాదులోనో టెక్సస్‌లోనో ఉన్న స్నేహితుడు చెప్పిన సలహా న్యూజెర్సీ ఇంటికి పనికిరాకపోవడానికి ఇదే కారణం.

ఖర్చు ఎవరు భరించాలన్న దగ్గరే మనవాళ్లు ఎక్కువగా దెబ్బ తింటున్నారు. న్యూజెర్సీలో 1976లో చేసిన చట్టం కింద నేలలోకి ప్రమాదకర పదార్థం కారితే, తప్పు ఎవరిదన్న విచారణతో పని లేకుండా బాధ్యులు శుభ్రం చేయించాలి. కొనేముందు తగిన విచారణ చేయించామని చూపించుకోలేని కొనుగోలుదారు కూడా ఆ బాధ్యుల్లో చేరతాడు. పాత యజమాని కాలంలో మొదలైన కారుడు మన పేర రిజిస్ట్రేషన్ అయిన తరువాత కూడా కొనసాగితే మన వాదన మరింత బలహీనపడుతుంది. ఇంటికి బీమా ఉంది కదా అని ధైర్యంగా ఉండేవాళ్లు పాలసీ కాగితాలు చదవాలి. సాధారణ గృహ బీమా పాలసీలు కాలుష్యాన్ని, తుప్పు పట్టి పాడవడాన్ని మినహాయింపుల జాబితాలో పెడతాయి. మసాచుసెట్స్‌లో 2010 జూలై 1 నుంచి బీమా కంపెనీలు ఆయిల్ కారుడుకు సంబంధించిన రక్షణను ఇవ్వజూపాలని చట్టం చెబుతోంది, అయితే అది దానంతట అది పాలసీలో చేరదు, ఇంటివాళ్లు అడిగి, అదనపు ప్రీమియం కట్టి చేర్పించుకోవాలి. కారని ట్యాంకును తవ్వి తీయించడానికి కొన్ని వేల డాలర్లు అవుతాయి. కారిన తరువాత మట్టి తవ్వి తరలించి, పరీక్షలు చేయించి, నీటి దాకా వెళ్లిందేమో చూడవలసి వస్తే ఆ ఖర్చు పదుల వేల డాలర్లలోకి వెళుతుంది.

మా మేనకోడలి కుటుంబానికి ఇదే జరిగింది, ఆమె అనుమతితోనే రాస్తున్నాను. న్యూజెర్సీలో వాళ్లు కొన్న ఇల్లు గ్యాసుతో వేడయ్యేది కాబట్టి ఆయిల్ ట్యాంకు అన్న ఊహే ఎవరికీ రాలేదు. కొనేముందు తనిఖీ చేసిన సంస్థ ఇచ్చిన నివేదిక ఎన్నో పేజీలు ఉంది, పైకప్పు పెంకుల దగ్గర నుంచి కుళాయిల దాకా అన్నిటి గురించీ రాశారు. చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో, భూగర్భ ట్యాంకులు మా తనిఖీ పరిధిలోకి రావు అని ఒక వాక్యం ఉంది. కొన్నేళ్లకు పెద్ద ఇంటికి మారదామని దాన్ని అమ్మకానికి పెట్టినప్పుడు, కొనడానికి వచ్చినవాళ్లు తమ ఖర్చుతో లోహాన్ని కనిపెట్టే పరికరం తెప్పించి పెరడంతా వెతికించారు. వంటింటి కిటికీ కింద, పొదల వెనక, గోడను ఆనుకుని బొటనవేలంత లావున ఒక ఇనుప గొట్టం నేలలోంచి పైకి వచ్చి వంగి ఉంది. అది ట్యాంకులోంచి గాలి పోవడానికి పెట్టిన వెంటు పైపు. మేనకోడలు ఆ గొట్టానికి ఏళ్ల తరబడి మల్లెతీగ పాకించింది. తవ్వితే ట్యాంకు అడుగున వరుసగా సన్నని చిల్లులు, కింద మట్టి నల్లగా, తడిగా, డీజిల్ వాసనతో బయటపడింది. "మావయ్యా, మేము ఒక్క చుక్క ఆయిల్ కూడా వాడలేదు, మమ్మల్నెందుకు కట్టమంటున్నారు?" అని ఆ పిల్ల ఫోన్లో ఏడ్చింది. వాళ్లకు ఇల్లు అమ్మిన పెద్దాయన అప్పటికే కాలం చేశారు. కుదిరిన బేరం పోయింది, ముందుగా బయానా ఇచ్చుకున్న పెద్ద ఇల్లూ చేజారింది, మట్టి శుభ్రం చేయించి రాష్ట్ర పర్యావరణ శాఖ నుంచి ఇక చేయవలసింది ఏమీ లేదన్న ధ్రువపత్రం వచ్చేదాకా ఇంకో కొనుగోలుదారు దొరకలేదు. అందుకు అయిన ఖర్చులో కొంత భాగం పర్లాకిమిడి నుంచి వెళ్లింది.

ఆ వెంటు పైపు గురించి ఇంకొక మాట చెప్పాలి, ఎందుకంటే దీని వెనక మరో రకం ప్రమాదం ఉంది. ఇంటి గోడకు బయట రెండు గొట్టాలుంటాయి, ఒకటి ఆయిల్ పోసేది, రెండోది గాలి పోయేది. లారీ డ్రైవరు ఆయిల్ పోస్తున్నంతసేపూ గాలి గొట్టంలోంచి ఈల లాంటి శబ్దం వస్తుంది. ఈల ఆగితే ట్యాంకు నిండినట్టు లెక్క, అతను పంపు ఆపేస్తాడు. గ్యాసుకు మారినప్పుడు బేస్‌మెంటులోని ట్యాంకును తీసేసి, గోడకున్న ఆయిల్ పోసే గొట్టాన్ని మాత్రం అలాగే వదిలేసిన ఇళ్లున్నాయి. ఇంటి నంబరు పొరబడి వచ్చిన డ్రైవరు ఆ గొట్టానికి పంపు తగిలిస్తే వందల గ్యాలన్ల ఆయిల్ నేరుగా బేస్‌మెంటు నేల మీద పడుతుంది. అలాంటి ఉదంతాలు అక్కడ జరిగాయి, ఇల్లు నివాసానికి పనికిరాకుండా పోయిన సందర్భాలూ ఉన్నాయి. ట్యాంకు తీసేస్తే గొట్టాన్ని కూడా తీయించి, గోడ రంధ్రాన్ని సిమెంటుతో మూయించాలి. మూత బిగిస్తే చాలదు.

ట్యాంకు నుంచి ఫర్నేసు దాకా వెళ్లే సన్నటి రాగి గొట్టాన్ని చాలా పాత ఇళ్లలో గచ్చు కింద కాంక్రీటులో పొదిగేశారు. అలా పొదిగిన రాగి కాలక్రమంలో తినేసుకుపోవచ్చు, కారుడు గచ్చు కిందే జరుగుతుంది కాబట్టి ఆయిల్ ఖర్చు ఉన్నట్టుండి పెరిగే దాకా తెలియదు. మసాచుసెట్స్‌లో ఆయిల్‌తో వేడయ్యే, ఒకటి నుంచి నాలుగు కుటుంబాలు ఉండే ఇళ్లవాళ్లు, కొన్ని మినహాయింపులు పోను, ఈ గొట్టానికి రక్షణ తొడుగైనా, కారితే ఆయిల్‌ను ఆపే సేఫ్టీ వాల్వయినా 2011 సెప్టెంబరు 30 లోగా పెట్టించుకోవాలని చట్టం చేశారు. మన పిల్లలు అక్కడ ఇల్లు చూస్తుంటే ఆ పని జరిగిందో లేదో, జరిగినట్టు కాగితం ఉందో లేదో అడగాలి.

వరద సంగతి తిత్లీ తుపానును చూసిన మన గజపతి జిల్లావాళ్లకు చెప్పనక్కరలేదు. ఖాళీగా ఉన్న 275 గ్యాలన్ల ట్యాంకు పూర్తిగా నీట మునిగితే నీరు దాన్ని టన్ను బలంతో పైకి నెడుతుంది. దాని సొంత బరువు అందులో చిన్న వంతు మాత్రమే. నేలకు బిగించని ట్యాంకు లేచి, గొట్టాలు తెగి, ఆయిల్ వరదనీటితో కలిసి గోడలకు పట్టేస్తుంది. 2012లో శాండీ తుపాను వచ్చినప్పుడు న్యూజెర్సీ, న్యూయార్క్ తీరంలో ఇలాగే ఎన్నో ఇళ్లు నాశనమయ్యాయి. ఏరు, సముద్రం దగ్గరున్న ఇల్లయితే ట్యాంకును పట్టీలతో కాంక్రీటు దిమ్మకు కట్టారా లేదా అన్నది మొదట చూడవలసిన విషయం.

కనుక ఇల్లు నచ్చిందని పిల్లలు ఫోన్ చేసినప్పుడు, సంతకాలు పెట్టకముందే, తల్లిదండ్రులు ఈ సంగతులు అడగాలని నా మనవి. ఇల్లు ఇప్పుడు దేనితో వేడవుతోంది, అంతకుముందు దేనితో వేడయ్యేది? ఇప్పుడు గ్యాసు అన్న జవాబుతో తృప్తి పడకూడదు, పాత ఇల్లయితే అంతకుముందు ఆయిలే అయి ఉండవచ్చు. సాధారణ హోమ్ ఇన్‌స్పెక్షన్‌తో పాటు ట్యాంకు స్వీప్ అని విడిగా చేయించుకోవాలి. లోహాన్ని కనిపెట్టే పరికరంతో, అనుమానం ఉన్న చోట నేల లోపలికి చూసే రాడార్‌తో వెతుకుతారు, దీనికయ్యే ఖర్చు కొన్ని వందల డాలర్లే. ట్యాంకు తీసేశామని అమ్మేవాళ్లు అంటే పురపాలక సంఘం ఇచ్చిన అనుమతి పత్రం, మట్టి పరీక్ష ఫలితం చూపించమనాలి. ఇసుకతోనో నురగతోనో నింపి అక్కడే వదిలేశామంటే, నింపేముందు చుట్టూ మట్టిని పరీక్షించారా అని అడగాలి, ఎందుకంటే నింపడం వల్ల నేల కుంగదు కానీ అప్పటికే కారిన ఆయిల్ ఎక్కడికీ పోదు. వాడుకలో ఉన్న భూగర్భ ట్యాంకు ఉంటే అమ్మేవాళ్ల ఖర్చుతో తీయించి, శుభ్రం అని తేలిన తరువాతే కొంటామని ఒప్పందంలో రాయించుకోవాలి. అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే ఆ ఇల్లు వదులుకోవడమే మంచిదని నా దృఢమైన అభిప్రాయం, అది ఎంత చక్కటి వీధిలో ఉన్నా సరే.

ఇప్పటికే ఆయిల్ ఇంట్లో ఉంటున్నవాళ్లు నెలకొకసారి టార్చిలైటు పట్టుకుని ట్యాంకు కింద అడుగు వెంబడి వేలితో తడిమి చూడాలి. చెమ్మ, మచ్చ, కాళ్ల దగ్గర తుప్పు, ఒక పక్కకు ఒరగడం, ఫిల్టరు దగ్గర బొట్లు, వీటిలో ఏది కనిపించినా ఆయిల్ కంపెనీ మనిషిని పిలిపించాలి. ట్యాంకుకు ఇరవై ఏళ్లు దాటి ఉంటే, లేదా వయసు ఎవరికీ తెలియకపోతే, లోపల ప్లాస్టిక్కు, బయట ఇనుము ఉండే రెండు పొరల ట్యాంకుతో మార్పించుకోవడం గురించి ఆలోచించాలి. లోపలి పొర కారినా బయటి పొర ఆపుతుంది.

ఇదంతా చదివి మనకు సంబంధం లేదనుకునే వారికి కూడా ఒక మాట. మన పట్టణాల్లోనూ కల్యాణ మండపాలు, రైసు మిల్లులు, అపార్టుమెంట్ల వెనక జనరేటర్ల కోసం డీజిల్ డ్రమ్ములు, పాత ట్యాంకులు కొన్నిచోట్ల బావికి పది అడుగుల దూరంలోనే, మట్టి నేల మీదే ఉంటున్నాయి. నీరు అడుగున చేరి రేకును తినే తీరు ఇక్కడైనా అక్కడైనా ఒకటే. వాటిని నేలకు ఆనించకుండా దిమ్మె మీద ఎత్తులో పెట్టి, కింద పళ్లెంలా సిమెంటు గట్టు కట్టించి, ఏటా అడుగున చేరిన నీటిని తీయించడం పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

మీ పత్రికలో ఆదివారం స్థిరాస్తి పేజీ వస్తుంది, ప్రవాసుల వార్తలూ వస్తాయి. అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగు న్యాయవాదుల చేత, ట్యాంకుల తనిఖీ పని తెలిసిన ఇంజనీర్ల చేత, రాష్ట్రాలవారీగా నియమాలు, బీమా షరతులు వివరిస్తూ ఒక పూర్తి పేజీ వేయించవలసిందిగా కోరుతున్నాను. ఈ ఇబ్బందిలో పడి బయటపడిన మన కుటుంబాలవారు కూడా తమకు ఏ కాగితం అక్కరకు వచ్చిందో, ఏ కాగితం లేక నష్టపోయారో రాసి పంపితే, వచ్చే ఏడాది ఇల్లు కొనబోయే పిల్లలకు ఆ ఉత్తరాలు చూపించగలుగుతాం. మా మేనకోడలు తన దగ్గరున్న మట్టి పరీక్ష నివేదిక, పర్యావరణ శాఖ ధ్రువపత్రం నకళ్లు పంపడానికి ఒప్పుకుంది. మీరు కోరిన వెంటనే వాటిని అందజేస్తాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత మెకానికల్ ఇంజనీరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా